చేనులో జానెడు పచ్చదనం

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ ఉదయం నాందేడ్‌లో తొలి చినుకులకు లేచిన మట్టివాసనకు మళ్లీ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. భోకర్ దగ్గర అమ్మమ్మ చేను. మిరుగం కార్తెలో, అంటే జూన్ మొదట్లో, ఒక్క వాన పడగానే అమ్మమ్మ సోయా విత్తింది. తర్వాత మబ్బు జాడ లేదు. గింజలకు దాహమేస్తుందనుకుని, రోజూ నా సీసాలోని తాగేనీళ్లు గట్టు పక్క సాలులో పోసేదాన్ని. చేనంతా మాడినా అక్కడ జానెడు మేర మొలకలొచ్చాయి.

పక్కచేను మామ నవ్వాడు. "ఓ పెద్దమ్మా, గా జానెడు కోయనీకి కూలోళ్లను మాట్లాడుకో. గిది జూసి, ఇంట్లున్న ఒక్క సంచి గింజలు గూడ మల్ల ఇత్తి మట్టిల కలుపుతవా ఏంది?"

అమ్మమ్మ మొలకల కింద మట్టి తీసి పిసికితే ముద్ద కట్టింది. పక్క మట్టి పొడిగా రాలింది. ఆమె నా ఖాళీ సీసా వైపు చూసింది.

పెరిగిన పొగ, వేడెక్కిన సముద్రాలు వానల అదను ఎలా తప్పిస్తున్నాయో ఇప్పుడు పుస్తకాల్లో చదువుతున్నాను. అవేవీ తెలియకుండానే అమ్మమ్మ ఆ ఏడు వాన పడ్డాక రెండోసారి విత్తింది. మట్టి పిసికి చూసిన ఆ సాయంత్రం మాత్రం తన నీళ్ల చెంబు నా చేతికిచ్చి అంది:

"నీ నీళ్లు నువ్వు తాగు బిడ్డా. వాన పడనీ, నేను మల్ల ఇత్తుత."