ఎమ్మిగనూరు అవ్వ అమ్మిన కారు

మొన్న ఆదోనిలో తెలిసినవాళ్ల పెళ్లి ఊరేగింపుకు ఎక్కడినుంచో పాతకాలపు కారు ఒకటి అద్దెకు తెచ్చారు. బంతిపూల కింద కారు కనిపించడమే కష్టమైంది. మా ఆయన మోకాళ్ల నొప్పి మరిచిపోయి వీధిలోకి దిగి, దాని చుట్టూ తిరిగి వచ్చి, "మన బండి ముందర ఇదేం బండిలే" అని పెదవి విరిచారు. "మన బండి నడిచినదాని కంటే మనం తోసిందే ఎక్కువ గదా" అన్నాను. ఆయనకు నచ్చలేదు.

డెబ్బయ్యో దశకం చివరి మాట. మా పెళ్లయి ఏడాది. ఆయనకు ఆదోని బజారులో బట్టల కొట్టు, ఒక సైకిలు ఉండేవి. సైకిలు తర్వాత స్కూటరు కొనడం మామూలు మనుషులు చేసే పని. ఈయన మాత్రం ఎమ్మిగనూరులో ఒక అవ్వ ఇంటి కొట్టంలో తెల్లదొరల కాలం నాటి కారు ఉందని విని నిద్ర మానేశారు. భర్త పోయాక దాన్ని నడిపేవాళ్లు లేరు, కోళ్లు దాని కింద గుడ్లు పెడుతున్నాయి. బేరం కుదిరాక మంచిరోజు చూసుకుని, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని ఇద్దరం బస్సెక్కాము. తిరిగి రావడం కారులోనే అని ఈయన వీధి వీధంతా చాటి మరీ బయల్దేరారు.

పూజ అయ్యింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాము. ఇంజను తిప్పే హ్యాండిలు అడిగారు మా ఆయన. ముందు నుంచి అది దూర్చి తిప్పితే తప్ప ఆ బండి లేవదు. అవ్వ దాన్ని కొంగులో చుట్టి పట్టుకుంది.

"ఇది ఇచ్చేది లేదు నాయనా. ఎద్దునమ్మితే పలుపు ఇస్తారా యాడన్నా?"

మా వైపు పశువును అమ్మినా మెడలోని పలుపుతాడు అమ్మినవాళ్లే ఉంచుకుంటారు, ఇంటి కళ దాంతోపాటు పోకూడదని. కొన్నవాళ్లు కొత్తది తెచ్చుకుంటారు.

"అవ్వా, పలుపు లేకున్నా ఎద్దు నడుస్తాది. ఇది నడవదు గదా!" అని మా ఆయన మొత్తుకున్నారు.

"ఏమన్నా కానీ. మా ఇంటాయన పొద్దున్నే దీన్నే పట్టుకుంటాండె. ఆయప్ప సెయ్యి పడి యాట్ల అరిగిందో సూడు" అందామె.

ఈయన కోపంగా చెప్పులు వేసుకున్నారు. నాకు బెంగ పట్టుకుంది. బస్సు దిగి వట్టి చేతులతో మా వీధిలో నడవడం ఆయన తట్టుకోలేరు. ఆమె చేతిలోంచి దాన్ని లాక్కుంటే నేను తట్టుకోలేను. "కొత్త పలుపు కొన్నోళ్లు గదా తెచ్చుకోవాల? కమ్మరి యాడుండాడు అవ్వా?" అని అడిగాను.

అవ్వే ముందు నడిచింది. కొలిమి దగ్గర కూడా దాన్ని కమ్మరి చేతికి ఇవ్వలేదు. తానే పట్టుకుని నిలబడితే అతను పుల్లతో కొలతలు తీసుకున్నాడు. సాయంత్రానికి కొత్త హ్యాండిలు తయారైంది. మా ఆయన భుజం పడిపోయేలా తిప్పాక బండి దగ్గి, పొగ కక్కి లేచింది. కోళ్లు కొట్టం విడిచి పరుగెత్తాయి. ఆ సంతోషంలో ఆయన, "రా అవ్వా, ఒక సుట్టు తిప్పుకొస్తా" అన్నారు. ఆమె అలవాటుగా వెనక తలుపు దగ్గరకు పోయింది. పెద్దల ఎదుట భర్త పక్కన కూర్చోవడం ఆ ఇంట్లో లేదట. భర్త ముందు, ఆమె వెనక, కిటికీకి పరదా. పెద్దలు పోయినా ఆ అలవాటు పోలేదు. నేను వెనక ఎక్కి, ఆమెను ముందు కూర్చోబెట్టాను.

నేతగాళ్ల ఇళ్లు దాటి గోనెగండ్ల రోడ్డు దాకా పోయి వచ్చాము. దిగేటప్పుడు అవ్వ స్టీరింగు వైపు చూసి, "ఈడ కూసుంటే దారంతా కనపడ్తాదే! ఆయప్పకు ఇదంతా కనపడ్తాండె. నాకు ఆయప్ప ఈపే కనపడ్తాండె" అంది.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆ ముందు సీటులో నేనే కూర్చున్నాను, ఎండ పడుతోందని విసుక్కుంటూ. కాలం ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వదు, పుచ్చుకున్నామన్న సంగతి మనకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.