ఆపేసిన టీవీలో బాణం

సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు లేని వీధి దొరకడం కష్టం. కానీ ఆ సాంచాల మీద పడే పువ్వు మొదట ఎక్కడ పుడుతుందో ఆ వీధుల్లో వాళ్లకు కూడా చాలామందికి తెలియదు. కొన్ని పువ్వులు హేమలత ఇంట్లో, దూలానికి ఉయ్యాల కట్టిన ముందరి గదిలో, చిన్న బల్ల మీద ఉన్న లాప్‌టాప్‌లో పుట్టేవి. చీర అంచుకు నెమలి కావాలన్నా, కొంగుకు మామిడిపిందెలు కావాలన్నా సాంచాల యజమానులు ఆమెకే ఫోన్ చేసేవాళ్లు. ఆమె తెర మీద గళ్లు గీసి, ఒక్కో గడిని నింపుకుంటూ పోయేది. ఒక గడి అంటే పడుగు మీద పేక ఎక్కే చోటు. ఒక్క గడి తప్పితే నెమలి మెడ విరిగినట్టు నేతలో పడుతుంది.

ఆమె పుట్టింది కోరుట్లలో. తండ్రి సాంబయ్య గుంట మగ్గం మీద తువ్వాలలు నేసేవాడు. ఇంటర్ అయ్యాక ఆమె బస్టాండు వెనక శ్రీశైలం అనే ఆయన దగ్గర డిజైన్ పని నేర్చుకుంది. పెళ్లయి సిరిసిల్లకు వచ్చాక, మొగుడు గణేశ్ షెడ్డులో సాంచాలు చూసుకుంటుంటే తను ఇంట్లోనే ఈ పని పెట్టుకుంది. నెమ్మదస్తురాలు. ఎవరితోనూ పెద్దగా పోట్లాడిన మనిషి కాదు. నలభై దాటేసరికి మాత్రం కళ్లు ఆమెతో పోట్లాటకు దిగాయి. గళ్లు కనబడేంత దగ్గరికి జరిపితే పువ్వు తెర దాటిపోయేది. పువ్వంతా కనబడేలా పెడితే గళ్లు ఇసుకలా కలిసిపోయేవి. సాయంత్రానికి మెడ పట్టేసేది.

గణేశ్ జగిత్యాలకు పని మీద పోయినప్పుడు ఒక పొడుగు కేబుల్ కొనుక్కొచ్చి, లాప్‌టాప్‌ను గోడ మీది టీవీకి కలిపాడు. రెండు తెరలూ కలిసి ఒకటే పెద్ద తెర అయినట్టయింది. బాణం గుర్తును లాప్‌టాప్ అంచు దాకా తోస్తే గాలిలో మాయమై, గోడ మీది టీవీలో తేలేది. దగ్గర గళ్లు, దూరంగా నిండు పువ్వు. మెడనొప్పి తగ్గింది.

ఇంట్లో దానికి ఒప్పుకోనిది అత్త సత్యవ్వ ఒక్కతే. "నా టీవీల గీ పూలేందే, సీరియల్ యాళ్లకు గూడ గివ్వేనా?" అంది. చివరికి ఒప్పందం కుదిరింది. పగలు టీవీ కోడలిది, దీపాలు పెట్టే వేళ నుంచి అత్తది. వంటకు లేచేటప్పుడు హేమలత టీవీ ఒక్కటి ఆపి పోయేది. లాప్‌టాప్ అలాగే నడుస్తుండేది.

కొన్నాళ్లకు ఒక చిన్న వింత మొదలైంది. అన్నం తిని వచ్చి కూర్చుంటే లాప్‌టాప్ తెర మీద బాణం ఉండేది కాదు. మౌసును అటూ ఇటూ ఊపి, టీవీ వేసి చూస్తే అక్కడెక్కడో పువ్వు మధ్యలో నిలబడి ఉండేది. పోయేటప్పుడు తనే అక్కడ వదిలానేమో అనుకునేది. తర్వాత ఒక చిలుక ముక్కు సగంలో వదిలి పోతే, వచ్చేసరికి ముక్కు నిండి ఉంది. తనే పూర్తిచేసి మరిచిపోయానని సర్దిచెప్పుకుంది. ఇంకోసారి ఆకు తీగ. ఆ రాత్రి గణేశ్‌ను అడిగింది, నా పనిలో చెయ్యి పెడుతున్నావా అని.

"నాకు మౌసు పట్టుడే రాదు గదనే," అన్నాడతను నవ్వుతూ.

ఆమెకు నవ్వు రాలేదు. మతిమరుపు మొదలైందేమోనని లోపల బెదురు పట్టుకుంది. వాళ్లమ్మకు చివరి రోజుల్లో అలాగే అయింది.

ఒక మధ్యాహ్నం సత్యవ్వకు కన్ను మూతపడలేదు. లేచి కూర్చుని రిమోట్ నొక్కింది. హేమలత వెనక వంటింట్లో జొన్నపిండి పిసుకుతోంది.

"హేమా, నువ్వేడున్నవే?" అని కేక వినబడింది.

"పొయ్యి కాడున్న, అత్తమ్మా."

 సత్యవ్వ గొంతు తగ్గించి అడిగింది. "మరి గీడ ఎవలు పని జేస్తుండ్రు?"

హేమలత పిండి చేతులతోనే వచ్చి గడపలో ఆగిపోయింది. బల్ల మీద మౌసు కదలకుండా ఉంది. లాప్‌టాప్ తెర ఖాళీగా ఉంది. గోడ మీది టీవీలో మాత్రం బాణం మెల్లగా పాకుతోంది. వణుకుతూ ఒక గడి దాకా పోయి ఆగింది. గడి నల్లబడింది. పక్క గడికి జరిగింది. అది కూడా నల్లబడింది. పొద్దున తను మొదలుపెట్టిన మామిడిపిందె కడుపు అలా అలా నిండుతోంది. వీధిలో సాంచాలు టకటకమంటూనే ఉన్నాయి. గదిలో ఆ చప్పుడు ఉన్నట్టే అనిపించలేదు.

ఆమె చేయి తుడుచుకుని బల్ల దగ్గరికి పోయి మౌసు మీద వేళ్లు పెట్టింది. బాణం ఠక్కున ఆగింది. ఎవరో చెయ్యి వెనక్కి తీసుకున్నట్టే ఉంది. వేళ్లు తీసి రెండడుగులు వెనక్కి వచ్చింది.  కాసేపటికి బాణం మళ్లీ కదిలింది.

"ముట్టకు బిడ్డా," అంది సత్యవ్వ, చాప మీదే వెనక్కి జరుగుతూ. "ఆ కేబుల్ గుంజెయ్."

హేమలత కేబుల్ ముట్టలేదు. దొంగ అయితే డిజైన్లు ఎత్తుకుపోవాలి. ఇది తన పని తనకు పూర్తిచేసి పెడుతోంది. అదే ఆమెకు దొంగ కంటే ఎక్కువ భయం పుట్టించింది. కూర్చుని, టీవీలో పువ్వు పక్కన ఖాళీ జాగాలో పెద్ద అక్షరాలు పెట్టింది: ఎవరు?

మౌసు వదిలి చేతులు ఒళ్లో పెట్టుకుంది. బాణం అక్షరాల దగ్గరికి వచ్చి నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత వాటి చుట్టూ తిరిగింది, గుడ్డివాడు గోడ తడిమినట్టు. అక్షరాల కింద ఒక చుక్క పడింది. దాని పక్కన ఇంకోటి. చుక్కల వరస మూల దాకా పోయి పైకి తిరిగి, నాలుగు వైపులా అంచు అయింది. అంతటితో ఆగలేదు. ఆ అంచూ, ఆ అక్షరాలూ కలిపి పక్కన మళ్లీ పడ్డాయి. దాని పక్కన మళ్లీ. చీర ఒంటి మీద బుటాలు వేసినట్టు వరసలు వరసలుగా టీవీ అంతా నిండుకుంటూ వచ్చింది. ఎవరు? ఎవరు? ఎవరు?

సత్యవ్వకు చదువు రాదు. "ఏం జెప్తాందే?" అని అడిగింది.

"ఏం జెప్తలేదు అత్తమ్మా. నేనడిగిందే నన్నడుగుతాంది."

ఆ సాయంత్రం సత్యవ్వ తన సీరియల్ చూడలేదు. టీవీ మీద దుప్పటి కప్పించింది.

మరునాడు గణేశ్, కంప్యూటర్లు బాగుచేసే సతీశ్‌ను వెంటపెట్టుకొచ్చాడు. సతీశ్ లాప్‌టాప్ తెరిచి కొంచెంసేపు చూసి, తెర మూలన ఉన్న వేలిగోరంత డబ్బా గుర్తును చూపించాడు. "గిది సూసిండ్రా వదినా? దూరం నుంచి ఇంకొకల కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం. ఎవలో మీ దాంట్లకు వస్తుండ్రు. టీవీ బంజేసినా కేబుల్ తియ్యకపోతే దీని లెక్కల రెండో తెర ఉన్నట్టే. మీరు సూడని తెర మీద వాళ్లు పనిజేసుకుంటుండ్రు."

ఆ డబ్బాను హేమలత ఏళ్లుగా చూస్తూనే ఉంది. ఎప్పటి నుంచో ఉన్నది కాబట్టి అదేమిటని అనుకోలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. కరోనా వచ్చి బస్సులు ఆగిపోయిన రోజుల్లో, కొత్త డిజైన్ ప్రోగ్రాం నేర్పడానికి శ్రీశైలమే ఫోన్‌లో చెప్పి అది వేయించాడు. కోరుట్లలో కూర్చుని తన తెర మీద బాణం కదిపి చూపించేవాడు.

"తీసెయ్యాల్నా?" అన్నాడు సతీశ్.

"ఉండనియ్," అంది ఆమె. నిన్నటి డిజైన్ తెరిచి అంచుల మలుపులు వెతికింది. ప్రతి మూలలో ఒక్క గడి ఖాళీగా ఉంది. చుట్టూ నింపి ఆ ఒక్కటి వదిలేశారు. మూల గడి వదిలే అలవాటు ఆమె చూసిన వాళ్లలో ఒక్కరికే ఉండేది. పువ్వుకు ఊపిరాడాలె గద, అనేవాడు శ్రీశైలం. ఆయన నేర్పిన తీరు కూడా అప్పుడే ఆమెకు తట్టింది. తప్పు గీస్తే తిట్టేవాడు కాదు. ఆమె నీళ్లకని లేచినప్పుడు వచ్చి, సరిచేసి, ఏమీ ఎరగనట్టు తన కుర్చీలో కూర్చునేవాడు.

 కానీ శ్రీశైలం ఇప్పుడు పనిలో లేడు. ఏడాది కింద పక్షవాతం వచ్చి, కుడి వైపు పడిపోయి, మాట పోయి, మనుషులను గుర్తుపట్టడం లేదని కోరుట్ల నుంచి కబురు వచ్చింది. చూడబోవాలని అనుకుంటూనే ఆమె పోలేకపోయింది. ఆయన భార్య బాలమణికి ఫోన్ చేసింది.

"వదినె, అన్న కంప్యూటర్ కాడ ఇప్పుడు ఎవలు గూసుంటరు?"

"ఎవలు గూసుంటరు చెల్లె," అంది బాలమణి అలసటగా. "పొద్దుగాల లేపి ఎదురుంగ పెడ్త. బటన్ ఒత్తుత, అది దానంతటదే తెరుసుకుంటది. దానిదిక్కే సూస్కుంట ఉంటడు. నన్ను గూడ గుర్తుపడ్తలేడు."

ఆ శనివారం హేమలత లాప్‌టాప్, టీవీ రెండూ నడుస్తుండగానే వదిలి, వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కింది.

శ్రీశైలం కిటికీ పక్కన దిండ్ల మధ్య ఒరిగి ఉన్నాడు. సగం మొహం కిందికి జారింది. కుడి చేయి ఒళ్లో పెట్టిన వస్తువులా ఉంది. ఎడమ చేయి మౌసు మీద ఉంది. ఆయన ఎదుట తెరలో, హేమలత పొద్దున సగం వదిలి వచ్చిన హంస ఉంది. తన ఇంటి గోడ మీద ఉండాల్సిన తెర ఇక్కడ, ఇంకో ఊళ్లో, ఇంకొకరి మంచం దగ్గర వెలుగుతోంది. ఇన్నాళ్లూ తను ఎక్కడ చెయ్యి ఆపిందీ, ఎక్కడ చెరిపి మళ్లీ గీసిందీ ఈ కళ్లు చూస్తూనే ఉన్నాయి. ఒంటరిగా ఉన్నాననుకున్న గదిలో తను ఒంటరిగా లేదు.

"అన్నా, నేను హేమను," అంది ముందుకు వంగి.

ఆయన చూపు ఆమె మొహం మీదుగా జారిపోయింది. అడ్డం తప్పుకోమన్నట్టు తల కొంచెం పక్కకు వంచి తెరను వెతుక్కున్నాడు.

"చెప్పిన గద," అంది బాలమణి. "అక్షరాలు గూడ ఎరుకలేవు. పేరు రాసి చూపెడితే పువ్వును సూసినట్టు సూస్తడు. గా బాణం కదిలితే ఊకుంటడు. కదలకపోతే ఎదురు సూస్తడు. ఎవలకోసమో నాకు తెల్వది."

హేమలతకు తెలిసింది. వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తమ్మా, బల్ల మీద మౌసు ఉంది గద. దాన్ని జర్ర కదిలియ్."

"నేను ముట్ట," అంది సత్యవ్వ.

"ఒక్కసారి. నా మీద ఒట్టు."

ఫోన్‌లో చాలాసేపు సాంచాల చప్పుడే వినబడింది. హేమలత గదిలోకి తిరిగి చూసింది. తెర మీద బాణం తడబడి, పక్కకు దూకి, హంస రెక్క మీద గుండ్రంగా తిరిగింది. శ్రీశైలం గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. కావలసిన మనిషి గడపలో కనబడితే వచ్చే శబ్దం. జారిన మొహంలో బాగున్న సగం వెలిగింది. బాణాన్ని చూసి ఆయన నవ్వాడు. మంచం పక్కన నిలబడ్డ హేమలతను ఆయన చూడనే లేదు. ఆయన లెక్కలో హేమలత వచ్చింది, ఆ తెర మీదికి.

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడాది అయింది చెల్లె, ఈయన నవ్వక," అంది.

బస్సులో తిరిగి వస్తూ హేమలత కిటికీలోంచి పసుపు చేలు చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. వెనక సీట్లో ఎవరో ఉన్నట్టు అనిపించి రెండుసార్లు తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

ప్రోగ్రాం తీయలేదు. గణేశ్ మొదట గొణిగాడు, తర్వాత ఊరుకున్నాడు. ఆమె పనితీరే మారిపోయింది. పొద్దున ఒక పువ్వు మొదలుపెట్టి, తనకు చేతనైనదే అయినా కొంత వదిలిపెడుతుంది. ఆకలి కాకపోయినా వంటింట్లోకి పోతుంది. ఇక్కడ కరెంటు పోయి తెర ఆగితే కోరుట్లలో ఆయన అన్నం ముట్టడం లేదని బాలమణి చెప్పాక ఇన్వర్టర్ పెట్టించింది. కొన్ని రోజులు మాత్రం, తెర వెనక నుంచి ఎవరో చూస్తున్నారన్న ఎరుక భరించలేక, మౌసు మీద చెయ్యి పెట్టకుండా ఊరికే కూర్చుంటుంది. అప్పుడు బాణం కూడా కదలదు. ఇద్దరూ అలా కూర్చుంటారు, రెండు ఊళ్లలో.

టీవీ మీది దుప్పటి తీసింది సత్యవ్వే. ఇప్పుడు మధ్యాహ్నం పూట చాప దగ్గరికి లాక్కుని, బీడీ ఆకులు మడుచుకుంటూ, గళ్లు నిండడం చూస్తుంది. కోడలు వంటింట్లో ఉండగా దానితో మాట్లాడుతుంది. "తిన్నవా కొడుకా? ఎండ బాగుంది, నీళ్లు తాగు."

ఆ ఇంట్లో మాట కోరుట్లలో వినబడే ఏర్పాటు ఏదీ లేదని సతీశ్ రెండుసార్లు చెప్పాడు. తను పలకరించినప్పుడు మాత్రం బాణం ఆగి, మళ్లీ కదులుతుందని సత్యవ్వ అంటుంది. హేమలత వంటింటి గడపలో నిలబడి ఒకరోజు అది చూసింది.  రొట్టె మాడుతుంటే లోపలికి పోయింది.