మూతకి బొట్టు

2011లో అశోక్‌నగర్‌లోని మా కారు షెడ్డులో చెక్కలు కోసే మిషన్ పెట్టుకున్నాను. బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు లేచి గిర్రున తిరిగేది. దాన్ని చూస్తే నాకు పొగరు, మా అన్నకి భయం. అన్న బ్యాంకులో పనిచేసే మనిషే అయినా, కవాడిగూడ నుంచి ఇనుప రేకులు తెచ్చి బ్లేడు మీద మూత బిగించాడు. కోసిన చెక్క రెండు చీలికలూ దగ్గరకొచ్చి బ్లేడును నొక్కకుండా వెనక ఒక రేకు నిలబెట్టాడు.

"చెక్క ఆనుకుని నడిచే పట్టీ ఎనక దిక్కు జర బ్లేడు మీదికి వంగింది రా. సరి చెయ్యి."

"నీ బ్యాంకు నువ్వు చూస్కో. నా పని నాకెరుకే" అని కసిరాను.

ఆ దసరాకి ఆయుధపూజ. మూతకి బొట్టు పెడితే అదేం పూజ అని మూతా రేకూ ఊడదీసి, బ్లేడుకే పసుపు రాసి బంతిపూలు చుట్టాను. మర్నాడు పూలు తీశాను గాని మూత బిగించలేదు. బద్ధకం. పైగా అన్న మాట నెగ్గకూడదని పంతం.

అన్న చాయ్ పట్టుకొచ్చి నా వెనక నిలబడ్డాడు. "మూత ఏది రా?" అన్నాడు. నేను వినపడనట్టు స్విచ్చి వేసి చెక్క పలకను బ్లేడు మీదికి తోశాను. సగం కోసేసరికి ముక్క పట్టీకీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుని, తుపాకీ పేలినట్టు వెనక్కి ఎగిరింది. నా చెవి పక్కనుంచి పోయి అన్న కంటికి తగిలింది. ముఖం పట్టుకున్న వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతిదాకా కారింది.

నారాయణగూడలో డాక్టరు కన్ను నిలబెట్టాడు గాని ఆ కంటి చూపు నిలబెట్టలేకపోయాడు. ఇక ఒంటి కంటితో ఏది ఎంత దూరంలో ఉందో సరిగ్గా అందదన్నాడు. ఇంటికొచ్చి సుత్తి తీసుకుని మిషన్‌ని బాదాను. బల్ల చీలింది, నా అరచెయ్యీ చీలింది. కంటికి కట్టుతోనే అన్న వచ్చి సుత్తి లాక్కుని, నా చెంప పగలగొట్టాడు.

"అదేం జేసింది రా? పట్టీ సరి చెయ్యమన్న. ఇన్నవా?"

అంతకుముందు ఎన్నడూ నా మీద చెయ్యెత్తని మనిషి. చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తర్వాత బల్ల మళ్లీ కట్టాను. ముందూ వెనకా కొలిచి, వెంట్రుకంత తేడా లేకుండా పట్టీ బిగించాను. మూత, రేకు పెట్టాను. వేళ్లు బ్లేడు దాకా పోకుండా తోసే కర్ర చేసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మరుసటి దసరాకి మూత తియ్యలేదు. "బొట్టు నువ్వే పెట్టన్నా" అన్నాను. అన్న కుంకుమ అద్దిన వేలు చాచాడు. అది మూతకి ఇవతలే గాలిలో ఆగిపోయింది.

"ఇంకెంత దూరముంది రా?" అని అడిగాడు.

"రెండంగుళాలన్నా" అని, మణికట్టు పట్టుకుని ముందుకు జరిపాను.