సెకనుకు పన్నెండు బొమ్మలు

ఆ వీధిలో అందరూ ఆయన్ని అతుకులాయన అనేవారు. ఎవరు ఏ ఫోనుతో, ఏ కెమెరాతో తీసిన ముక్కలు తెచ్చినా అవన్నీ కలిపి ఒక్క వీడియోగా అతికించి ఇవ్వడం ఆయన పని. కంప్యూటరుకు కొరుకుడు పడని ఫైళ్ళను కూడా ఓపిగ్గా మార్చి, మచ్చిక చేసి దారికి తెచ్చేవాడు. పొద్దున్నే దేవుణ్ణి తలుచుకోనిదే మీట నొక్కేవాడు కాదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వనిదే పని మాట ఎత్తేవాడు కాదు.

ఆ రోజు ఒకావిడ చేతిరుమాల్లో చుట్టిన పెన్‌డ్రైవ్ తెచ్చింది. ఆవిడ భర్త ఊరి చివర అట్టపెట్టెల ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేసేవాడు. పోయి నెలయింది.

"ఫోటో అంటే మొహం చాటేసే మనిషి అన్నయ్యా. ఇందులో గేటు దగ్గరున్నారు. అక్కడ ఊడ్చే అక్క ఎవరినో బతిమాలి తెచ్చిపెట్టింది. గోడకు పెట్టుకోవడానికి ఒక్క బొమ్మ తీసిస్తే చాలు."

వీడియో వేయగానే అతుకులాయన గుర్తుపట్టాడు. తాను మార్చిచ్చిందే. ఏడు నెలల కిందట ఫ్యాక్టరీ గోదాము కాలిపోయినప్పుడు, కెమెరా రికార్డింగు ఆఫీసులో తెరుచుకోవడం లేదని మేనేజరు తనకే పంపించాడు.

"దీన్నే అందరికీ వేసి చూపించారు," అందావిడ. "'గోదాము తగలబడుతుంటే టీ కప్పు నెమ్మదిగా కిందపెట్టి, పెళ్ళినడక నడిచాడు చూడండి' అని మేనేజరు నవ్వాడట. పనిలోంచి తీసేశారు. అప్పటిదాకా పరిగెత్తానని చెప్పిన మనిషి, ఇంటికొచ్చి 'పరిగెత్తాననే అనుకున్నానే' అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మోకాలు నొప్పితోనే ఈ గోడ నుంచి ఆ గోడకు గబగబా నడిచి చూసుకునేవారు. పోయేదాకా అదే వరస."

అతుకులాయన చూపు తెర మీదే ఉంది. వాచ్‌మన్ పొగ చూసి లేచాడు. చేతిలోంచి కాగితపు కప్పు జారింది. అది నేల తాకడానికి చాలాసేపు పట్టింది. మనిషి నిదానంగా నడవచ్చు గానీ, చెయ్యి జారిన కప్పు నిదానంగా పడదు.

మేనేజరు ఫైలు పంపిన రోజు ఆయనకు గుర్తుకొచ్చింది. ఆ రోజు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును ముట్టుకోలేదు. ఫార్మాటు అనే పైతొడుగు మార్చి లోపలికి తోస్తే, సెకనుకు ఎన్ని బొమ్మలు చూపించాలని అడిగింది. ఈ చుట్టుపక్కల కెమెరాలన్నీ పన్నెండే కదా అని పన్నెండు కొట్టాడు. తెర నిండుగా రావాలని పైనా కిందా కత్తిరించాడు. మూలనున్న గడియారం అంకెలు అందులో పోయాయి. మేనేజరు తొందరపెడుతుంటే మళ్ళీ చూసుకోలేదు.

ఏదీ పారేయని మనిషి కాబట్టి అసలు ఫైలు పాత డిస్కులో దొరికింది. కెమెరా రికార్డరు కంపెనీ ఇచ్చే ప్లేయర్‌లో దాన్ని తెరిచాడు. సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు; వాటిని పన్నెండు చొప్పున చూపిస్తే కదలిక సగానికి పైగా నెమ్మదిస్తుంది. కప్పు టక్కున పడింది. వాచ్‌మన్ కుంటుకుంటూనే పరుగు తీశాడు. గేటు నుంచి గోదాము తలుపు దాకా, గడియారం లెక్కన, పదకొండు సెకన్లు. తనిచ్చిన కాపీలో ఇరవై మూడు.

"తప్పు నాది చెల్లెమ్మా," అని జరిగిందంతా దాచకుండా చెప్పాడు. "మీ ఆయన పరిగెత్తారు. నేనే నడిపించాను."

ఆవిడ తెరవైపే చూస్తూ, "మళ్ళీ వేయండి," అంది.

నాలుగుసార్లు వేశాడు.

"ఆయనుండగా ఈ మాట ఎవరైనా చెప్పుంటే..." అని ఆగిపోయింది. అతుకులాయన మంచినీళ్ళ గ్లాసు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఆవిడ ముట్టుకోలేదు.

"ఫ్యాక్టరీకొచ్చి అందరి ముందూ చెప్తారా? మీకు పనులిచ్చేది వాళ్ళేగా."

"ఇక ఇవ్వరులే అమ్మా. పద, ఇప్పుడే వెళ్దాం."

"ముందు ఫోటో."

ఆయన వీడియో వెనక్కి జరిపాడు. "కుర్చీలో కూర్చున్నప్పుడు మొహం శుభ్రంగా కనిపిస్తోంది. పరుగులో అంతా చెదిరిపోయింది, పోలికే తెలియదు."

"నాకు తెలుస్తుంది," అందావిడ. "పరుగులోదే తీయండి."