కుళ్ళాయమ్మ ఇంటి మీద ఆరిపోయిన వెలుగు

2022. హిందూపురంలో నా ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫోటోలు కూటికి. ఆకాశంలో పోయే అంతరిక్ష నౌకల ఫోటోలు నా పిచ్చికి. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పెనుకొండ కోట మీదుగా పోతూ గీసిన తెల్లటి గీత ఫోటో ఒకటి కౌంటరు వెనక వేలాడుతుంది. చాలామంది దాన్ని మెరుపనుకొని ఊరుకుంటారు.

ధర్మవరం నుంచి వచ్చిన నేతగాడు నాగరాజు మాత్రం దాని ముందే నిలబడిపోయాడు.

"భాయ్, మా ఇంటి మీద పోతాండేది ఇదే."

వాళ్ళమ్మ కుళ్ళాయమ్మకు గుండె ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే మనిషి దక్కదని డాక్టర్లు చెప్పేశారు. ఆమేమో, వరసగా రెండు సాయంత్రాలు ఓ చుక్క వచ్చి సరిగ్గా ఇంటి నెత్తిన ఆరిపోయిందని, ఆస్పత్రికి రానంటోంది. భర్త పోయే ముందు కూడా అలాంటిదే చూసిందట.

"అది చుక్క కాదని నువ్వే చెప్పాల. మా మాట ఇనదు," అన్నాడు.

మర్నాడు చీకటి పడ్డాక వాళ్ళ వాకిట్లో ట్రైపాడ్ నిలబెట్టాను. లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే షట్టర్‌ను కొన్ని నిమిషాలు తెరిచే ఉంచడం. అంతసేపూ కదిలిన వెలుగు గీతగా పడుతుంది. వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. వెలుగు పడమటి నుంచి వచ్చింది. నడినెత్తికి చేరి, ఎవరో వత్తి తగ్గించినట్టు ఎర్రబడి ఆరిపోయింది. కారణం తెలిసిన నాకే ఒళ్ళు జలదరించింది.

కెమెరా తెర మీద ఫోటో చూసి నాగరాజు మొహం పాలిపోయింది. గీత కింద, గుమ్మం పక్కన వాళ్ళమ్మ ఉంది. ఆమె ఒంట్లోంచి వెనక గోడ కనిపిస్తోంది.

"తీసేయ్ భాయ్," అన్నాడు గొంతు తగ్గించి. కుళ్ళాయమ్మ అప్పటికే మా వెనక నిలబడి చూస్తోంది.

"నువ్వు నడమ వచ్చి నిలబడితివి అవ్వా. సగం సేపే ఉంటివి, సగమే పడితివి," అన్నాను. "ఆ ఎలుతురూ ఆరిపోలేదు. భూమి నీడలోకి పోయింది. ఎండ తగలక మనకు కనపడదు, అంతే. లోపల మనుషులుండారు."

ఆమె గీత కొసన వేలు పెట్టింది. "జరీ పోగు గుడ్డ కిందికి పోయి కనపడనట్టా?"

"అట్లే అవ్వా."

"నీడలో పడినాక లోపలోళ్ళు ఏం చేస్తాంటారు?"

"పని చేసుకుంటా ఉంటారు."

ఆ వారంలోనే ఆపరేషన్‌కు వెళ్ళింది.

కొన్నాళ్ళకు, బాగా చిక్కిపోయి, కొడుకుతో స్టూడియోకి వచ్చింది. ఆ ఫోటోనే ఫ్రేము కట్టమంది.

"ఇంకోటి తీస్తా అవ్వా, బాగొస్తాది."

"ఇదే బాగుండాది నాయనా. మత్తు మందిచ్చినాక అంతా చీకటి. ఆ చీకట్లో పోతానే ఉంటిని. ఆడ నేను ఇట్లే ఉంటిని."

నాగరాజు తల దించుకున్నాడు. నిజం చెప్పాలంటే, నాకు భయమేసింది.

కారణం చెబితే భయం పోతుందనుకునేవాణ్ణి. సగమే పోతుందని ఆమె దగ్గర నేర్చుకున్నాను; మిగతా సగంతో కలిసి బతకొచ్చనీ ఆమే చూపించింది. ఇదివరకు గీత ఆగగానే షట్టర్ మూసేవాణ్ణి. ఇప్పుడు ఇంకాసేపు తెరిచే ఉంచుతున్నాను. ఫోటోలో ఏమీ పడదని తెలుసు. ఆ చీకట్లో వాళ్ళు పోతూనే ఉంటారని కూడా తెలుసు.