పడవ బండికి వేయించిన స్టెప్నీలు

తొంభైల చివర్లో పటాన్‌చెరులోని ఒక షెడ్డులో మేం ఫైబర్ పడవలు తయారుచేసేవాళ్ళం. కొనుగోళ్ళన్నీ నావి. సింగూరు మత్స్యకారుల కోసం చేసిన పడవ మర్నాడే నీళ్ళలో దిగాలి. దాన్ని జీపు వెనక లాక్కెళ్ళే ట్రెయిలర్‌కేమో టైర్లు అరిగిపోయాయి. నాకు కాలు నిలవలేదు.

పాత టైర్ల దుకాణంలో రెండు స్టెప్నీలు దొరికాయి. ఏళ్ళ తరబడి వాడకుండా పడున్నవి. గాడి కొంచెం కూడా అరగలేదు. రోడ్డు తగలని టైరు కొత్తదే అని మా షెడ్డులో అందరి నమ్మకం. దుకాణదారు మాత్రం టైరు పక్కభాగాన్ని గోరుతో గీకి చూపించాడు.

"పగుళ్లు సూడున్రి సార్. ఎండకు రబ్బరు సచ్చిపోయింది. బరువు ఆగదు."

"జెర నల్లరంగు కొట్టియ్యి, కనబడదు" అన్నాను.

మర్నాడు పొద్దున మా జీపు డ్రైవర్ పడవలోకి తొంగిచూశాడు. ఇంజన్, వలలు అన్నీ వెనకవైపే పెట్టించాను.

"ముందుకు జరిపియ్యిండ్రి సార్. ఎనక బరువైతే ట్రెయిలర్ తోక ఆడిస్తది."

"ఇప్పుడు సదురుకుంట కూసుంటమా? మెల్లగ పోనియ్యి."

మెల్లగానే పోనిచ్చాడు. పక్క సీట్లో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. కంది ఊరు దాటాక ట్రెయిలర్ ఊగింది. అతను బ్రేకు తొక్కకుండా, స్టీరింగు బిగబట్టి వేగం తగ్గిస్తున్నాడు. అంతలో ఎడమ టైరు పేలింది. పడవ పొలంలో పడి నడిమికి చీలింది. మాకు దెబ్బలు తగల్లేదు.

యజమాని అడగగానే ముందు నేనే నోరు తెరిచాను. "స్పీడుగ నడిపిండు సార్."

అతన్ని పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత బస్సులో కంది మీదుగా వెళ్ళినప్పుడల్లా సీట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. ఎనిమిదేళ్ళకు బీరంగూడలో అతన్ని వెతికి పట్టుకుని, తప్పు నాదేనని చెప్పాను. నవ్వాడు.

"నాకెర్కే గద సార్. మా ఆమెకు చెప్పుండ్రి. అప్పటిసంది నా బండెక్కదు, ఆటోల తిరుగుతది."

ఇంటికి తీసుకెళ్ళాడు. ఆమె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. టైర్లు, నల్లరంగు, నా అబద్ధం, అన్నీ నిలబడే చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. భర్త వైపు తిరిగింది.

"గా దినమే నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. సారు అబద్ధమాడుతడా అన్నవు."

ఆమె మళ్ళీ కాయలు అందుకుంది. నన్ను కూర్చోమని ఇద్దరూ అనలేదు.