బల్లతో సహా

ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతివాడికీ తను లేకపోతే శాఖ మూతపడుతుందని ఒక నమ్మకం ఉంటుంది. నాకూ ఉండేది. తీరా అది నేనుండగానే మూతపడింది. మా మలేరియా విభాగాన్ని పెద్ద ఆరోగ్య కేంద్రంలో విలీనం చేశారు. (విలీనమంటే రెండు బోర్డులు పీకి మూడోది రాయించడమని అప్పుడే తెలిసింది.) అంతవరకూ నా పని జెట్టీలో, వేట నుంచి వచ్చినవాళ్లలో జ్వరమున్నవాళ్ల వేలు పొడిచి రక్తపరీక్ష చేయడం. ఇప్పుడు తొమ్మిది నుంచి నాలుగు దాకా కేంద్రంలో చీటీలు రాయాలి. ‘బల్ల వదిలి వెళ్లరాదు’ అని ఆర్డరు. బోట్లు వచ్చేది పదింటికి, చేపలు దించి ఐసు ఎక్కించుకుని మళ్లీ వెళ్లిపోయేది మూడింటికి. రెండు వారాల్లో జెట్టీ నుంచి ఒక్కరూ రాలేదు.

ఒక ఆదివారం వెళ్లి చూస్తే ఇంజన్ తాత (ఇంజన్లను తిట్టి బాగుచేస్తాడని ఆ పేరు) వలల మీద వణుకుతూ పడుకుని ఉన్నాడు. ఆస్పత్రికి రావచ్చు కదా అన్నాను.

“వస్తే బోటెల్లిపోద్ది బాబూ. జొరం రేపు కూడా ఉంటాది, బోటుండదు.”

తాతకి అక్కడే పరీక్ష చేసి, మందులు ఇప్పించి, మర్నాడు ఆవేశంగా రాజీనామా రాసి దీదీకి చూపించాను. దీదీ మా సీనియర్ ఆరోగ్య కార్యకర్త, ఆఫీసర్లకి కూడా దీదీయే, అంటే అక్కే. ఆవిడ ముందు అందులో నా తప్పులు దిద్దింది. తర్వాత ఆర్డరు చదివింది.

“బల్ల వదలొద్దన్నారు కదా, వదలకు. అటు పక్క పట్టుకో.”

కొంత దూరం మోశాం, మిగతా దూరం నా నెత్తిన పెట్టింది. చేపల షెడ్డు కింద బల్ల వేసి, పాత రక్తపరీక్ష కిట్టు తీశాం. మధ్యాహ్నానికి చేపల దగ్గరకన్నా మా దగ్గరే లైను పెద్దది. (అక్కడ కేంద్రంలో చీటీల్లేక రోగులు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లారట. పని తొందరగా అయిందట.)

మూడోరోజు ఉత్తరాది నుంచి వచ్చిన మా ఆఫీసరుగారు జీపు దిగారు. ఇది ఎవరి ఆర్డరని హిందీలో అడిగారు. దీదీ ఆ ఆర్డరు కాగితమే చాపింది. “ఆప్‌కా హీ హై సార్, మీదే. పిల్లాడు బల్ల వదల్లేదు.” ఆయన ఇంకేదో అనబోతూ ముందుకొచ్చారు. రెండో పరీక్షకని నిలబడ్డ తాత చెయ్యి అడ్డం పెట్టాడు. “సాబ్, లైన్లో రండి.”

వారానికి మూడు రోజులు జెట్టీలో పరీక్షలు చేయాలని కొత్త ఆర్డరు వచ్చింది. ఆలోచన ఆఫీసరుగారిదని అందులోనే ఉంది. నాకు మాత్రం బల్ల కదిపినందుకు మెమో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నేను కుర్చీ జరపాలన్నా ముందు ఫోన్ చేసి అడుగుతున్నాను. బల్ల మోసిన ఆ రోజుల్లోని కుర్రాడు నన్ను చూస్తే నవ్వుతాడు. నవ్వనీ. వాడి మెడనొప్పి తగ్గడానికి వారం పట్టిందని నాకొక్కడికే తెలుసు.